గాజు వాకిలి కింద వెలుగు

4071వ రోజు
ఎండ 92. నీరు 29. రంగు 5.

ఈ రోజు కొత్త పుస్తకం మొదలుపెడుతున్నాను. ఇది పన్నెండోది. పాత పదకొండు పుస్తకాలూ దేవుడి అలమారలో వరసగా ఉన్నాయి. వాటిలో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు.

మొదటి పేజీ కాబట్టి ఎవరు తెరిచినా అర్థమయ్యేలా రాస్తాను. రోజుల లెక్క మా తాడు కట్టిన నాటి నుంచి. తాడంటే వీధి. తొమ్మిది ఇళ్ళు ఒకే లంగరు తాడుకి వరసగా కట్టి నీళ్ళ మీద తేలుతుంటాయి కనుక మా రేవులో వీధిని తాడనే అంటారు. మాది నాలుగో తాడు. ప్రతి ఇంటికీ ముందు గాజు వాకిలి ఉంటుంది. దాని కింద నిలువు లోతులో ఆ ఇంటివాళ్ళు పెంచే పగడాల మడి ఉంటుంది. పగడం పెరిగితే గట్టవుతుంది. గట్టుంటే అల విరుగుతుంది. అల విరిగితేనే ఇల్లు నిలుస్తుంది.

ఎండ అంటే మిట్టమధ్యాహ్నం వాకిట్లో వెలుగు మీటరు చూపించే అంకె. నీరు అంటే నీటి వేడి. రంగు అంటే రేవు ఆఫీసువారి ఆరు గళ్ళ పట్టీని పగడం పక్కన ఆనించి చూసేది. ఆరో గడి ముదురు గోధుమరంగు, నిండు ఆరోగ్యం. ఒకటో గడి తెల్లటి ఎముక. రాస్తున్నది గరికిన నూకరత్నం, ఆరో ఇల్లు.

ఇక ఈ రోజు సంగతి. ఇత్తడి గంట మా ఇంటికి వచ్చింది!

ఏ తాడు గాజు శుభ్రంగా ఉంటే ఆ తాడుకి గంట ఇచ్చే అద్దాల పందెం నిన్న జరిగింది. మడిలో ఒక పలక పెడతారు. దాని మీద అక్షరాలు వరస వరసకీ చిన్నవవుతూ ఉంటాయి. పందెం తేల్చే పెద్దమనిషి గాజు వాకిలి మీద నిలబడి కిందకి చూస్తూ చదువుతాడు. ఇప్పటిదాకా ఏ తాడులోనూ మూడో వరస దాటి చదివినవారు లేరు. మా వాకిట్లో నిలబడి ఆయన ఆఖరి వరస చదివాడు. చదివి, కళ్ళజోడు తీసేసి, మళ్ళీ చదివాడు. పదకొండేళ్ళుగా గంట మూడో తాడులోనే వేలాడింది. ఇప్పుడు మా చూరుకి వేలాడుతోంది.

గాజు పైవైపు శుక్రవారం శుక్రవారం అందరూ తోముతారు. అడుగువైపు కూడా తోమాలన్న ఆలోచన నాది. మా ఆయన సింహాచలం గొట్టం వంచి, చివర కొబ్బరిపీచు కట్టి, కిందనుంచి గాజుకి ఆనేలా పొడుగాటి బ్రష్షు తయారుచేశాడు. పది రోజులు తొమ్మిది ఇళ్ళూ తోమాం. పదకొండేళ్ళ పాచి పెనం మీది అట్టులా పొరలుగా ఊడి వచ్చింది.

పక్కింటి పోలమ్మత్త వచ్చి గడప దగ్గరే ఆగిపోయింది. "ఏటే రత్నం, గాజుందో లేదో తెలక కాలెట్టడానికి బయమేత్తంది. నీళ్ళలో పడిపోతే నీ మొగుడు తీత్తాడా నన్ను?" అంది.

మా తాడులో అందరూ అనే మాట ఒకటుంది: అద్దం మెరిస్తే పగడం మెరుస్తుంది. ఈ రాత్రి హాయిగా నిద్రపోతాను.

4074వ రోజు
ఎండ 92. నీరు 29. రంగు 4.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. నాలుగే.

4078వ రోజు
ఎండ 91. నీరు 29. రంగు 3.

పోలమ్మత్త మడి కూడా మూడే. ఒకటో ఇంటి నుంచి తొమ్మిదో ఇంటిదాకా పట్టీ పట్టుకుని తిరిగాను. ఎక్కడా నాలుగు లేదు. కొసన ఉన్న తొమ్మిదో ఇంట్లో అప్పుడే రెండు కనిపించింది.

పగడం తెల్లబడితే మొదట అనుమానించేది నీటి వేడిని. నేను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిచాను. ఇరవై తొమ్మిది దాటలేదు. ఎండ అంకె కూడా మారలేదు. పుస్తకం వెనక్కి తిప్పి చూస్తే పోయిన ఏడు ఇదే నెలలోనూ తొంభై రెండే. పుస్తకంలో ఏ తేడా లేదు. తేడా అంతా నీళ్ళలోనే ఉంది.

4080వ రోజు
ఎండ 92. నీరు 29. రంగు 3.

రేవు ఆఫీసు నుంచి బ్యూలా మేడం తనిఖీకి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. పడవలో కూర్చుని కాగితాలు నింపే రకం కాదు. తానే నీళ్ళలోకి దిగి తొమ్మిది మడులూ చూసి, జుట్టు పిండుకుంటూ మా వాకిట్లో నిలబడింది.

"మూడో తాడులో ఐదు. ఐదో తాడులో ఐదు. మధ్యలో మీకు మాత్రమే రెండూ మూడూ. నీళ్ళు అందరికీ అవే. మీ ఇళ్ళలోంచి ఏం వదులుతున్నారు, రత్నం గారూ?"

"ఏమీ వదల్లేదమ్మా."

"పందేనికి గాజు దేంతో తోమారు?"

"కొబ్బరిపీచు, ఉప్పునీళ్ళు."

"సబ్బు కలపలేదా?"

ఆ మాటకి నాకు ముఖం వేడెక్కింది. సముద్రంలో సబ్బు కలపడమంటే మా దగ్గర పక్కింటి బావిలో ఉమ్మినట్టు. లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఏ రోజు సబ్బు బిళ్ళ విప్పానో, ఏ రోజు అరిగిపోయిందో, స్నానాల నీళ్ళు ఏ పీపాలో పోశానో అన్నీ అందులో ఉన్నాయి. ఆమె నిలబడే ఇరవై పేజీలు తిప్పింది.

"ఇంత శ్రద్ధగా రాసేవాళ్ళు రేవు మొత్తంలో లేరు. కానీ పుస్తకం బాగుందని పగడం బతకదు కదమ్మా."

ఒక మండలం గడువు ఇచ్చింది. నలభయ్యో రోజుకి తొమ్మిది మడుల్లో ఐదైనా నాలుగో గడికి రావాలి. రాకపోతే తాడు విప్పుతారు. చచ్చిన పగడం వానాకాలం అలలకి పొడిపొడి అవుతుంది. ఆ తర్వాత ఇక్కడ ఇళ్ళు ఉంచడం ప్రమాదం. అందులో ఆమె తప్పేమీ లేదు. విప్పిన ఇళ్ళని ఏ తాడులో ఖాళీ ఉంటే ఆ తాడుకి ఒక్కొక్కటిగా లాక్కుపోయి కడతారు. మేం రెండో తాడుకి పోవచ్చు. పోలమ్మత్త పన్నెండో తాడుకి పోవచ్చు.

పదకొండేళ్ళుగా ఆవిడ కిటికీలోంచి నా కిటికీలోకి చారు గిన్నె వస్తోంది. చెయ్యి చాపితే అందే దూరం.

మా ఆయన అన్నం తింటూ, "గంట గెలిచిన పది రోజులకే దిష్టి తగిలింది" అన్నాడు. దిష్టికి నా పుస్తకంలో గడి లేదన్నాను.

4083వ రోజు
ఎండ 92. నీరు 29. రంగు 2.

మూడు రోజులుగా తాడులో ఎవరూ బట్ట ఉతకలేదు. గిన్నెలు బూడిదతో తుడిచి, ఆ బూడిద కూడా పీపాల్లోకే. ఒక్క చుక్క కిందకి పోలేదు. రంగు మాత్రం దిగుతూనే ఉంది. సబ్బు కాదని నాకు ముందే తెలుసు. ఇప్పుడు రుజువైంది. అయినా సంతోషం కలగలేదు.

4086వ రోజు
ఎండ 92. నీరు 29. రంగు 2.

శుక్రవారం. ఈ తాడుకి వచ్చాక మొదటిసారి గాజు తోమలేదు, పందెం తర్వాత వారం వారం తోముతున్న అడుగువైపు కూడా. చేతులు రాలేదు.

సాయంత్రం మూడింటికి వడియాలు తీయడానికి వాకిట్లోకి వెళ్ళాను. ఏటా ఎండాకాలం తూర్పు మూలన మా ఆయన పాత పంచె రెండు మడతలు వేసి పరిచి, బూడిద గుమ్మడి వడియాలు పెడతాను. పదింటికి పరుస్తాను, మూడింటికి తీస్తాను. ఆ తర్వాత గాలి తిరిగి ఉప్పు తుంపర పడుతుంది.

ఈ రోజు పంచె ఎత్తాక ఎందుకో కిందకి చూశాను. రోజూ వడియాలకేసి చూస్తాను కానీ వాటి కిందకి ఎప్పుడూ చూడలేదు. రంగు పట్టీ మడి మధ్యలో ఆనిస్తాను కాబట్టి ఆ మూలతో నాకు పని పడలేదు.

పంచె ఉన్నంత మేరా పగడం గోధుమరంగులో ఉంది.

అంచులు కాస్త చెరిగినట్టున్నాయి కానీ నాలుగు మూలలూ తెలుస్తూనే ఉన్నాయి. చుట్టూ ఉన్నదంతా పాలిపోయి ఉంది. గాజు అంత శుభ్రంగా ఉండబట్టే పైనుంచి అంత స్పష్టంగా కనిపించింది. చీర కొంగు బిగించి నీళ్ళలోకి దిగి పట్టీ ఆనించాను. ఐదు! రెండు బారల అవతల రెండు.

పోలమ్మత్త కిటికీలోంచి తల బయట పెట్టింది. "ఒలే రత్నం, ఈ ఏళప్పుడు ఈతేటే?"

"అత్తా, వడియాల కింద పగడం బాగుంది."

"మరి గుమ్మడికాయ నాను తరిగేను కదా" అంది, ఏ మాత్రం ఆశ్చర్యపోకుండా.

నీడలో నీళ్ళు చల్లగా ఉన్నాయేమోనని రెండు చోట్లా వేడి కొలిచాను. రెండు చోట్లా ఇరవై తొమ్మిదే. అయితే మిగిలింది వెలుగు. రేపు మధ్యాహ్నం మీటరుని కిందకి దించుతాను.

4087వ రోజు
ఎండ 92. నీరు 29. రంగు 2.

ఈ రోజు రాసేది మెల్లగా రాస్తాను.

మీటరుకి నీళ్ళు తగలకూడదు. ఆవకాయ జాడీ పక్కన ఉండే పెద్ద గాజు సీసా కడిగి ఆరబెట్టి, అందులో మీటరు పెట్టి, మూత చుట్టూ మైనం పూశాను. సీసా గాజు ఎంత వెలుగు తింటుందో ముందు చూసుకోవాలి. వాకిట్లోనే సీసాలో పెట్టి చూస్తే ఎనభై ఎనిమిది. అంటే సీసా నాలుగు తింటుంది. ఇక్కడ రాసే అంకెలన్నిటికీ ఆ నాలుగూ కలిపాను.

తాడూ, బరువుకి ఒక రాయీ కట్టి సీసాని మడిలోకి దించాను. ఎనభై. పంచె కిందకి జరిపాను. నలభై నాలుగు.

ఎనభై ఎక్కువో తక్కువో చెప్పడానికి పాత అంకె కావాలి. పాత అంకె నా దగ్గర లేదు. పదకొండు పుస్తకాలున్నాయి, నాలుగు వేల మధ్యాహ్నాలున్నాయి, ఒక్కటీ లేదు. ఎందుకంటే నేను ఇన్నేళ్ళూ మీటరుని గాజు మీద పెట్టి కొలిచాను. పగడం ఉన్నది గాజు కింద. ఆకాశంలో ఎండ ఎంతో రాసుకున్నాను కానీ పగడానికి అందింది ఎంతో ఏ రోజూ చూడలేదు.

అడుగున తోమని గాజు ఎక్కడుందో నాకు తెలుసు. సీసా పట్టుకుని పడవ తీసుకుని మూడో తాడుకి వెళ్ళాను. మొదటి ఇంటి అప్పలనర్సమ్మ అరుగు మీద చేపలు తోముతోంది. పదకొండేళ్ళు గంట ఆవిడ చూరుకే ఉండేది.

"రా వదినా, రా. గంట తిరిగిచ్చేద్దామనొచ్చావా?"

"కాదు వదినా. మీ గాజు కింద మురికి కొలుచుకుందామని."

ఆవిడ కత్తి పక్కన పెట్టి తాడంతా వినిపించేలా అరిచింది. "ఒలే, ఇన్నారేటే! గెలిసినోళ్ళకి మన మురికి కావాలంట!"

"నవ్వుకో వదినా, కానీ నిజం చెప్పు. మీరు అడుగున ఎప్పుడూ తోమలేదా?"

"అడుగునెవులు సూత్తారే? మొగుడి బనీను తిరగేసి ఇస్త్రీ సేత్తామేటి?"

సీసా దించాను. నలభై ఐదు. రంగు ఐదు.

పంచె కింద నలభై నాలుగు, పాచి కింద నలభై ఐదు. పాచి అనుకుని నేను గీకి పారేసింది పగడానికి గొడుగు.

4088వ రోజు
ఎండ 92. నీరు 29. రంగు 2.

తొమ్మిది ఇళ్ళ ఆడవాళ్ళనీ మా వాకిట్లో కూర్చోబెట్టి చెప్పాను. తాడు కట్టిన కొత్తలో ఆఫీసువాళ్ళు నేర్పింది గుర్తుచేశాను. పగడం లోపల కంటికి కనపడనంత చిన్న పాచి ఉంటుంది, గోధుమరంగు దానిదే. వెలుగుతో వండి పగడానికి అన్నం పెట్టేది అదే. ఇన్నేళ్ళూ సన్నని సెగకి అలవాటుపడిన వంటమనిషికి మనం పది రోజుల్లో రెట్టింపు మంట పెట్టాం. వంట మాడి విషమైంది. ఆ విషం భరించలేక పగడం వంటమనిషినే బయటికి నెట్టేస్తోంది. వంటమనిషి పోయిన ఇల్లే ఆ తెలుపు.

"అడుగున తోమాలన్నది నేను. కాబట్టి తప్పు నాది. ఆఫీసుకి రాసి పంపుతున్నాను" అన్నాను.

రెండో ఇంటావిడ భయపడింది. "తప్పు మనదేనని మనమే రాసిస్తే రేపే విప్పేస్తారు కదా. ఊరుకుంటే పోలేదా?"

"ఊరుకుంటే సబ్బు కలిపామనే అనుకుంటారు. అంతకంటే ఇదే మేలు."

పోలమ్మత్త మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది.

"గెలిసినప్పుడు గంట నీ సూరుకి కట్టేం. ఓడిపోతే తప్పు కూడా నీ సూరుకే కట్టాలంటావేటే? పీచు నానూ పట్టేను. నాకంటే గట్టిగా ఎవులూ తోమలేదు. ఆ ముక్క కూడా రాయి."

రాశాను. ఉత్తరంలో రాశాను, ఇక్కడా రాస్తున్నాను: పోలమ్మత్తకంటే గట్టిగా ఎవరూ తోమలేదు.

4089వ రోజు
ఎండ 92. నీరు 29. రంగు 2.

పాచి మళ్ళీ పట్టడానికి నెలలు పడుతుంది. అంతవరకూ గుడ్డ. పదింటికి పరచాలి, మూడింటికి తీయాలి. పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా మామూలుగా తగలాలి.

ఉత్త గుడ్డ గాలికి నిలవదు. పైగా మండే ఎండలో ఖాళీ గుడ్డ పరిచి ఊరుకోవడం మా ఆడవాళ్ళవల్ల కాదు. కాబట్టి నాలుగో తాడు మొత్తం ఎండబెట్టడం మొదలుపెట్టింది. ఒకటో ఇంట్లో సగ్గుబియ్యం వడియాలు, మూడో ఇంట్లో మామిడి ఒరుగులు, ఏడో ఇంట్లో మజ్జిగ మిరపకాయలు, పోలమ్మత్త ఇంట్లో నెత్తళ్ళ చేపలు. తొమ్మిది వాకిళ్ళ నిండా పాత చీరలు. గంట ఉన్నది మా చూరుకే కాబట్టి పదింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి నేనే కొడుతున్నాను.

బ్యూలా మేడం నుంచి జవాబు వచ్చింది. "మీ అంకెలు చూశాను. నమ్మాలని ఉంది. గడువు మాత్రం మారదు." మూడు వాక్యాలే. మధ్యదాన్ని రెండుసార్లు చదివాను.

ఇవాళ్టి నుంచి పుస్తకంలో గడులు మార్చాను. పైన ఒకటి, గుడ్డ కింద ఒకటి, గుడ్డ తీసిన గాజు కింద ఒకటి.

4095వ రోజు
పైన 91. గుడ్డ కింద 44. గాజు కింద 79. నీరు 29. రంగు 2.

దిగడం ఆగింది. గుడ్డ పరిచిన ఆరు రోజులూ రెండులోనే ఉంది. ఎనిమిది ఇళ్ళలో ఇదే. పోలమ్మత్త మడి మాత్రం ఒకటికి పడిపోయింది.

వెళ్ళి చూస్తే, చీర మీద పడవ టార్పాలిన్ కప్పేసి ఉంది.

"ఇది ఎప్పుడు వేశావత్తా?"

"పొద్దున్నే ఏత్తాను. సీకటి పడ్డాక తీత్తాను."

"పదింటి నుంచి మూడింటిదాకానే అన్నాను కదా!"

"నీడ మంచిదన్నావు. ఐదు గంటల నీడ మంచిదైతే పన్నెండు గంటల నీడ ఇంకెంత మంచిదని..."

కోపం మింగి పక్కన కూర్చున్నాను. "అన్నం మాడిందని పొయ్యే ఆర్పేస్తే ఏం తింటాం అత్తా? వెలుగు లేకపోతే ఉన్న నలుగురు వంటమనుషులూ చచ్చిపోతారు. మాడకూడదు, పస్తూ ఉండకూడదు."

ఆవిడ చాలాసేపు మడికేసి చూసింది. "తొమ్మిదింట్లో ఐదు కదా కావాల?"

"ఐదు."

"నాది లేదనుకో" అంది. టార్పాలిన్ తానే మడతపెట్టింది. ఆ గొంతులో నవ్వు లేదు.

4101వ రోజు
పైన 88. గుడ్డ కింద 43. గాజు కింద 76. నీరు 29. రంగు 2.

పన్నెండున్నరకి ఒక్కసారిగా గాలి లేచింది. నాలుగు చీరలు సముద్రంలోకి ఎగిరాయి. పోలమ్మత్త నెత్తళ్ళు ఆకాశంలోకి ఎగిరాయి, పక్షులు ఒక్కటి కూడా కింద పడనివ్వలేదు. మగవాళ్ళు చీరల వెంట ఈదుతుంటే మేం మా ఇళ్ళలో ఉన్న దుప్పట్లూ తువ్వాళ్ళూ పరిచి వాటి మీద మేమే కూర్చున్నాం. మూడింటిదాకా తొమ్మిది వాకిళ్ళలో మనుషులే వడియాలు.

మా ఆయన తడిసిన చీర భుజాన వేసుకుని వచ్చి, "నిన్ను ఎండబెట్టి ఏం చేసుకోవాలే?" అన్నాడు.

"ఊరుకో. నీడ కదులుతుంది" అన్నాను.

గాజు కింద అంకె డెబ్భై తొమ్మిది నుంచి డెబ్భై ఆరుకి దిగింది. ఇవాళ పైన వెలుగు కూడా తగ్గింది కాబట్టి దాన్ని పాచి ఖాతాలో వేయలేను. రేపు మళ్ళీ చూడాలి.

4102వ రోజు
పైన 92. గుడ్డ కింద 43. గాజు కింద 75. నీరు 29. రంగు 2, అక్కడక్కడ 3.

పైన తొంభై రెండుకి వచ్చింది. కింద డెబ్భై ఐదే. అంటే గాజు అడుగున పాచి మొదలైంది. వేలితో తడిమి చూశాను. జిగురుగా ఉంది. ఇంత మురికి వేలిని చూసుకుని ఎప్పుడూ ఇంత సంతోషపడలేదు.

4112వ రోజు
పైన 92. గుడ్డ కింద 39. గాజు కింద 69. నీరు 29. రంగు 3.

పాచి పెరిగినకొద్దీ గుడ్డ ఉంచే సమయం తగ్గిస్తున్నాను. ఇప్పుడు పదకొండు నుంచి రెండున్నర దాకా. ఐదు ఇళ్ళు మూడులో ఉన్నాయి. గడువుకి ఎనిమిది రోజులు. మూడు నుంచి నాలుగుకి ఎన్ని రోజులు పడుతుందో నా పన్నెండు పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఎందుకంటే ఇంతకుముందు ఎప్పుడూ మూడుకి దిగలేదు.

పోలమ్మత్త మడి రెండు. కిటికీలోంచి చారు గిన్నె పంపింది. గిన్నె తిరిగిస్తుంటే, "పన్నెండో తాడులో పక్కింటోళ్ళు సారు తాగుతారో లేదో" అంది.

4120వ రోజు
పైన 92. గుడ్డ కింద కొలవలేదు. గాజు కింద 63. నీరు 29. రంగు కింద రాస్తాను.

పొద్దున పదింటికి బ్యూలా మేడం వచ్చింది. తొమ్మిది ఇళ్ళవాళ్ళమూ ఎవరి వాకిట్లో వాళ్ళం నిలబడ్డాం. ఆమె మడిలోకి దిగి పట్టీ ఆనించి, తల పైకెత్తి, ఎన్నో గడి అయితే అన్ని వేళ్ళు చూపిస్తుంది. అంతే, మాటల్లేవు.

ఒకటో ఇల్లు, నాలుగు. రెండో ఇల్లు, మూడు. మూడో ఇల్లు, నాలుగు. నాలుగో ఇల్లు, మూడు. ఐదో ఇల్లు పోలమ్మత్తది, రెండు. ఆవిడ తల దించుకోలేదు. ఆరో ఇల్లు నాది. ఆ తూర్పు మూల కాదు, మడి మధ్యలోనే ఆనించింది. నాలుగు. ఏడో ఇల్లు, నాలుగు. ఎనిమిదో ఇల్లు, మూడు.

నాలుగు ఇళ్ళయ్యాయి. ఇంకొకటి కావాలి. మిగిలింది తొమ్మిదోది, అందరికంటే ముందు తెల్లబడినది.

బ్యూలా మేడం దిగింది. పైకి వచ్చి ఊపిరి పీల్చుకుంది. వేళ్ళు చూపించలేదు. పట్టీ మీద నీళ్ళు తుడిచి మళ్ళీ దిగింది. ఆ సేపు ఎంతో నేను లెక్కపెట్టలేదు. ఇంత లెక్కల మనిషిని, లెక్కపెట్టలేదు.

ముందు చెయ్యి పైకి వచ్చింది. తర్వాత తల. ఒక్కొక్కటిగా నాలుగు వేళ్ళు.

మా ఆయన వెళ్ళి గంట పట్టుకుని తాడు తెగేలా కొట్టాడు. పోలమ్మత్త వాకిట్లో కూలబడింది. "ఆ పిల్ల ఒకటీ ఒకటీ ఏలు తీసేలోగా నా పేణం పోయింది. నాలుగూ ఒకేసారి సూపించలేదేటే!"

బ్యూలా మేడం తువ్వాలు కప్పుకుని మా వాకిట్లో కూర్చుంది. వేయించిన గుమ్మడి వడియాలు పెట్టాను. రెండు తిన్నాక చెప్పింది. "మీ ఉత్తరం చూశాక పద్నాలుగు తాళ్ళ పుస్తకాలూ తెప్పించాను. రేవు మొత్తం గాజు మీదే కొలుస్తోంది, రత్నం గారూ. మా ఆఫీసు మీటరు కూడా మేడ మీదే ఉంది. పగడం దగ్గరికి దించి కొలిచింది మీరొక్కరే. ఆ సీసా ఒకసారి చూపిస్తారా?"

చూపించాను. మైనం ఎలా పూయాలో, నాలుగు ఎందుకు కలపాలో చెప్పాను. ఆమె రాసుకుంది. రేవు ఆఫీసు మనిషి నా మాటలు రాసుకుంది.

"మీ పన్నెండు పుస్తకాలూ ఆఫీసుకి కావాలి. నకలు తీసి తిరిగిస్తాం."

"రేపు ఇస్తాను. ఇవాళ పని ఉంది."

రాత్రి దాకా ఆ పనే చేశాను. పాత పుస్తకాలు పదకొండూ దింపి, ఒక్కోదాని మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాశాను: "ఇందులోని ఎండ అంకెలన్నీ గాజు పైన కొలిచినవి. పగడానికి అందిన వెలుగు ఇది కాదు. కొలిచిన మనిషి పొరపాటు. నూకరత్నం." మా ఆయన చూస్తూ, "ఎవరడిగారని?" అన్నాడు. ఎవరూ అడగలేదు. కానీ రేపు ఎవరైనా ఈ అంకెలు నమ్మి గొడుగు గీకేస్తే? పేజీ చించలేదు, అంకె దిద్దలేదు. నాలుగు వేల మధ్యాహ్నాలు నేను కొలిచినవే, అవి అలాగే ఉండాలి. అవి ఎక్కడ కొలిచినవో కూడా ఉండాలి.

రంగు 4.

4121వ రోజు
పైన 92. గాజు కింద 63. నీరు 29. రంగు 4.

శుక్రవారం. పొద్దున్నే పాత పుస్తకాలు పదకొండూ ఆఫీసు పడవకి ఎక్కించి, రాస్తున్న దీన్ని మాత్రం ఉంచుకుని, గంట విప్పి, ఒక గిన్నె వడియాలతో మూడో తాడుకి వెళ్ళాను.

అప్పలనర్సమ్మ గంటకేసి, నాకేసి మార్చి మార్చి చూసింది. "పందెం గెలిసింది మీరు కదేటే?"

"గెలిచి తాడు పోగొట్టుకోబోయాం. మీ మురికి కొలుచుకుని నిలబెట్టుకున్నాం. ఇది మీ చూరుకే ఉండాలి వదినా."

"మరి వచ్చే ఏడు పందెం?"

"వచ్చే ఏడు పలక చదవరంట. సీసా దించి, పట్టీ ఆనించి మార్కులేస్తారంట. బ్యూలా మేడం చెప్పింది."

"ఓలమ్మ! సీసా ఎవులు దించుతారు?"

"నేనే" అన్నాను.

ఆవిడ గంట తీసుకుని ఒకసారి మోగించి, "వడియాల్లో ఉప్పు తక్కువైంది" అంది. అంటే బాగున్నాయని.

ఇంటికి వచ్చి వాకిలి తోమాను. పైవైపు మాత్రమే. మా ఆయన చేసిన వంపు బ్రష్షుని అటక మీదకి ఎక్కించాను. పదకొండింటికి పంచె పరిచి వడియాలు పెడుతుంటే ఏడో తాడు నుంచి వచ్చిన పడవావిడ ఒకరు, పందెం గెలిచిన వాకిలి చూద్దామని ఆగింది. తొంగి చూసి ముఖం అదోలా పెట్టింది.

"ఏమమ్మా, గెలిచిన గాజంటే ఇదేనా? అడుగున పాచి పట్టింది చూసుకున్నావా?"

"చూసుకున్నాను. ముప్పై ఐదు రోజులుగా పెంచుతున్నాను" అన్నాను.